పుట్టి అడుగు, కాలువ అడుగు

సుంకేసుల దగ్గర పడవ ఎక్కితే కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా పోవచ్చునన్న ఆశ ఒకప్పుడు లండన్‌లో వాటాలు అమ్మిపెట్టింది. 1858లో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి పెట్టుబడి ఆ ఆశ మీదే పుట్టింది. దీని వెనుక ఉన్న ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఊహ అంతకంటే పెద్దది. తుంగభద్ర నీళ్లను కరువు సీమ గుండా నడిపించి నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం దాకా తీసుకుపోవాలని, అదే నీరు పొలానికీ పారాలని, పడవనూ మోయాలని ఆయన కోరిక. చివరికి తవ్వగలిగింది సుమారు 190 మైళ్ల కర్నూలు-కడప కాలువ ఒక్కటే. 1860లలో తవ్వకం సాగి, 1871 నాటికి నీళ్లు కడప వైపు పారాయి. కొంతకాలం పడవలూ నడిచాయి. ఆ తర్వాత పడవ పోయింది, పొలం మిగిలింది. ఎందుకు పోయిందని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఒకటే: ఎండిన సీమలో పడవలేమిటి, ఆ ఆలోచనే తప్పు అని. ఈ జవాబు చరిత్రకు నిలవదు. ఈ సీమ నదుల మీద పడవలు వందల ఏళ్లు నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. నీటి మీదికి దించే వస్తువు అడుగు భాగాన్ని కొనేవాడు, ఎక్కేవాడు కళ్లారా చూసుకోగలిగినంత కాలం ఆ విద్య బతికింది. అడుగు చూడాల్సిన అవసరమే ఎవరికీ లేకుండా చేసిన ఏర్పాటులో అది చెడింది. చెప్పదలచుకున్నది ఇదే.

ముందు పుట్టి సంగతి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆనెగొంది దగ్గర తుంగభద్ర దాటడానికి వాడే గుండ్రటి పడవలను వర్ణించాడు. లోపల బుట్టలా అల్లిక, బయట తోలు. పదిహేను, ఇరవై మందిని మోస్తాయి, తెడ్డు వేస్తుంటే తిన్నగా పోకుండా తిరుగుతూ పోతాయి, ఈ రాజ్యపు ఏర్లలో ఇవి తప్ప వేరే పడవలు లేవు అని కూడా రాశాడు. అదే నది కిందికి వచ్చి కర్నూలును ఒరుసుకుంటూ పోయి, సంగమేశ్వరం వైపు కృష్ణలో కలుస్తుంది. ఆ పొడుగునా దాటుడు సాధనం పుట్టే, కొన్ని చోట్ల అరిగోలు అంటారు. ఇలాంటి ఆలోచన మనకొక్కరికే తట్టింది కాదు. యూఫ్రటీసు నది మీద తోలు కప్పిన గుండ్రటి పడవలు నడిచేవనీ, సరుకు అమ్ముకున్నాక చట్రాన్నీ అమ్మేసి తోళ్లను గాడిద మీద వేసుకుని ఇంటికి పోయేవారనీ హెరొడోటస్ రాశాడు. మద్రాసు ప్రభుత్వంలో చేపల శాఖను నడిపిన జేమ్స్ హార్నెల్ దక్షిణ భారతపు పుట్టిలను వేల్సు, ఇరాక్ పుట్టిల పక్కన పెట్టి అధ్యయనం చేశాడు. 1803లో మరాఠాల మీదికి పోతూ ఆర్థర్ వెల్లెస్లీ, నదులు దాటడానికి ఇలాంటి బుట్ట పడవలనే సైన్యం కోసం కట్టించాడు. ఐరోపా సైన్యం దగ్గర అంతకంటే నాజూకైన పరికరాలు లేక కాదు. వాన పడితే పొంగి, వేసవిలో బండలు తేలే దక్కను నదికి ఇదే సరిపోతుందని ఆయనకు అర్థమైంది.

పుట్టి గొప్పతనం దాని అడుగులో ఉంది. మేదరులు వెదురు చీల్చి, బద్దలు తీసి, నడుమ నుంచి మొదలుపెట్టి బుట్ట అల్లినట్టు అల్లుకుంటూ వచ్చి, అంచును లావుగా మెలివేసి కట్టేవారు. తోలును నానబెట్టి, శుభ్రం చేసి, నీళ్లు కారకుండా కుట్టే పనితనం మాదిగలది. నడిపేది బెస్తలు, బోయలు. ఈ మూడు చేతుల పనీ ఒక్క వస్తువులో బయటికి కనిపిస్తూ ఉంటుంది. పాత పుట్టిని కొనేవాడు చేసే మొదటి పని దాన్ని ఒడ్డున బోర్లా వేయడం. అప్పుడు నది వైపు ఉండే ముఖం మొత్తం కళ్ల ముందుకు వస్తుంది. బండలకు రాసుకుని తోలు ఎక్కడ పలచబడింది, కుట్టు ఎక్కడ వదులైంది, అతుకు మీద అతుకు ఎన్ని పడ్డాయి అన్నవి పైనుంచే తెలుస్తాయి. ఆ తర్వాత ఒక అంచు ఎత్తి కిందికి దూరి, ఎండకు ఎదురుగా లోపలి నుంచి చూడాలి. సూది మొనంత వెలుతురు చుక్క కనిపించినా అది నీళ్లు వచ్చే దారే. అడుగు వంపు తిరిగి పక్కలుగా లేచే చోటే బరువు, తోపు రెండూ ఎక్కువ పడతాయి కనుక బద్దలు ముందు విరిగేది అక్కడే. అక్కడ బొటనవేలితో నొక్కితే గట్టి అల్లిక వెనక్కి తంతుంది, విరిగినది లోపలికి కుంగిపోతుంది. తోలు పుట్టిని రోజంతా నీళ్లలో వదిలేస్తే కుళ్లుతుంది, ఎండలోనే వదిలేస్తే బిగుసుకుని పగులుతుంది. అందుకే పని అయ్యాక ఒడ్డుకు తెచ్చి ఆరబెట్టడం, మళ్లీ నూనె పట్టించడం దానికి నిత్యకృత్యం. అంటే రోజూ ఎవరో ఒకరు దాని అడుగు చూస్తూనే ఉంటారు. దాచడానికి వీల్లేని కట్టుబడి అది. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చిన తర్వాతా పరీక్ష మారలేదు. ఏప్రిల్ ఎండకు తారు ఎక్కడ జారింది, చలికి ఎక్కడ చిట్లింది అన్నదే ప్రశ్న.

హుస్సేన్ సాగర్ మీద తెరచాప పోటీలు నడిపే క్లబ్బుల్లో పాత ఫైబర్‌గ్లాస్ పడవ బేరానికి వస్తే చూడాల్సిందీ ఇదే. సంతలో కుండను తట్టి మోత విని కొన్నట్టు, పడవ అడుగును చిన్న సుత్తి పిడితోనో నాణెంతోనో తట్టుకుంటూ పోతారు. ఖంగుమంటే పొరలు అతుక్కుని ఉన్నాయి, బొదబొదమంటే లోపల విడిపోయాయి, లేదా నీళ్లు చేరాయి. పైరంగు కింద పొక్కులు లేచాయా, తెరచాప కొయ్య దిగిన చోట పగుళ్లు ఉన్నాయా, అడుగు పలక దిగే అర చుట్టూ తడి ఉందా అని వెతుకుతారు. కొత్త రంగు వేసి అమ్మకానికి పెట్టిన పడవను ఎక్కువ అనుమానంగా చూడాలనేది ఆ రంగంలో పాత మాట. రంగు అడుగును దాస్తుంది మరి. పుట్టికి రంగు లేదు.

ఇక కాలువ పడవ దగ్గరికి వద్దాం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో చెక్క పడవలు కాలువల మీద బాగా కుదురుకున్నాయి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట, 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ధాన్యమంతా ఆ పడవల మీదే కదిలింది. సమతలపు నేల, మెత్తటి ఒండ్రు, ఏడాదిలో ఎక్కువ నెలలు నిండుగా నీరు. కర్నూలు-కడప కాలువకు ఈ మూడూ లేవు. కర్నూలులో హంద్రీ నది మీదుగా రాతి వంతెనపై కాలువ దాటాలి. కింద ఏరు, పైన కాలువ. ఆ తర్వాత మిట్టకందాల దగ్గర గట్టును కోసుకుని కృష్ణ పరీవాహకం నుంచి పెన్న పరీవాహకంలోకి దిగాలి. అక్కడి నుంచి కుందూ లోయలో లాకు తర్వాత లాకు దిగుతూ, కొన్ని చోట్ల కుందూ నదినే కాలువగా వాడుకుంటూ, సంతజూటూరు, రాజోలి ఆనకట్టలు దాటి, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దాకా పోయి కడప చేరాలి. ఇంజనీరింగుగా చూస్తే ఇది చేవగల పని, అందులో సందేహం లేదు. కానీ చెక్క పడవ దృష్టితో చూస్తే కష్టాల దారి. చెక్క పడవకు ఎప్పుడూ నీళ్లలో ఉండటమే ఆరోగ్యం. పలకలు నీళ్లు తాగి ఉబ్బి సందులు బిగుసుకుంటాయి. మరమ్మతుల కోసమో, నదిలో నీళ్లు లేకో కాలువ ఆగిపోయిన నెలల్లో నంద్యాల ఎండకు పలకలు కుంచించుకుపోతాయి, సందుల్లో కుక్కిన నార, తారు ఊడిపోతాయి. వర్షాకాలంలో మళ్లీ నీటికి దించినప్పుడు ఏ పడవ ఎంత కారుతుందో దించినవాడికి కూడా ముందు తెలియదు. పడవల కొలత, లైసెన్సు, సుంకాలకు 1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలు, రేవుల చట్టం తేవడం వెనుక పడవ అడుగును తనిఖీ చేయాల్సిన అవసరం కూడా ఉంది. చెక్క పడవ అడుగు నీళ్లలో ఉంటుంది, ఎక్కేవాడికి కనిపించదు. ఎవరో అధికారంతో చూసి చెప్పాలి.

పడవకు ఒక అడుగు ఉన్నట్టే కాలువకూ ఒక అడుగు ఉంది. దాన్ని చూసి చెప్పే బాధ్యత ఎవరిది? నా వాదనకు గుండెకాయ ఇక్కడే ఉంది. కంపెనీ పెట్టుబడిలో పది లక్షల పౌండ్లకు ఏడాదికి 5 శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా, పారకపోయినా, పడవ నడిచినా, నడవకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ అందుతుంది. ఆ వడ్డీ భారతదేశపు రెవెన్యూ నుంచి, అంటే చాలా వరకు రైతు శిస్తు నుంచి వస్తుంది. రైలు కంపెనీలకు ఇచ్చిన ఇలాంటి హామీల గురించి, భారత ఆర్థిక సభ్యుడిగా పనిచేసిన మాసీ 1872లో పార్లమెంటు కమిటీ ముందు నిజం చెప్పాడు. 5 శాతం ఖాయమైన పెట్టుబడిదారుకు తన సొమ్ము ఇటుకా సున్నంగా మారిందా, హుగ్లీ నదిలో విసిరేశారా అన్నది పట్టదని ఆయన మాట సారాంశం. తుంగభద్ర ఒడ్డున సరిగ్గా ఇదే జరిగింది. పని పూర్తి కాకముందే హామీ పొందిన పది లక్షల పౌండ్లు అయిపోయాయి. 1866లో ప్రభుత్వమే మరో ఆరు లక్షల పౌండ్లు అప్పు ఇచ్చి ముందుకు నెట్టింది. కాలువ నడిచే నేలలో ఎక్కువ భాగం నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే చేయి పట్టేంత నెర్రెలు విచ్చే నేల. కింద పలకరాయి, సున్నపురాయి పొరలు. ఇలాంటి చోట గట్టు, అడుగు ఎంత ఊటకు తట్టుకుంటాయో పెట్టుబడి పెట్టేవాడు అడగాలి. అడగని పద్ధతిలో వ్యాపారం నడిచింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. కాలువ నష్టపోవడానికి ఊట, కట్టుబడి కారణాలు కావు, రైతులు నీళ్లు తీసుకోకపోవడమే కారణం అని ఆనాటి రెవెన్యూ అధికారులు, తర్వాతి చరిత్రకారులు కొందరు చెబుతారు. ఇందులో నిజం ఉంది. నల్లరేగడిలో జొన్న, పత్తి, కొర్ర పండించుకునే రైతుకు మంచి వాన పడిన ఏడాది కాలువ నీళ్లు అక్కర్లేదు. తడి శిస్తు భారం, పొలం దాకా పిల్ల కాలువ తవ్వుకునే ఖర్చు, రేగడి తడిస్తే పాడవుతుందన్న భయం అతన్ని ఆపాయి. 1876-78 కరువులో అదే రైతు నీళ్ల కోసం కాలువ దగ్గరికి వచ్చాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనంలో నాలుగో వంతు తగ్గిపోయిన కాలం అది. కానీ ఈ అభ్యంతరం నా వాదనను కొట్టేయదు, ఇంకా గట్టిపరుస్తుంది. రేగడి రైతు ఏ ఏడాది నీళ్లు అడుగుతాడు, ఏ ఏడాది అడగడు అనేది కుందూ లోయలో ఏ ఊరి కరణమైనా చెప్పగలిగిన విషయం. సొంత సొమ్ముకు భయపడే కంపెనీ కాలువ తవ్వకముందే అది అడిగి ఉండేది. అడగకపోయినా వడ్డీ ఆగనప్పుడు అడిగేది ఎవరు? నేల, నీటికి గిరాకీ, రెండూ ఒకే పరీక్షలో భాగాలు. ఆ పరీక్ష జరగలేదు.

పడవల రవాణాను చంపింది రైలు, కాలువ లోపం కాదు అనేది రెండో మాట. మద్రాసు నుంచి కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు పోయే రైలు దారి 1871లోనే పూర్తయింది. కాలువ కడప చేరిన కాలంలోనే రైలూ చేరింది. తర్వాత గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ వైపు మరో దారి వచ్చింది. లాకు లాకు దగ్గర ఆగే పడవ రైలుతో పోటీ పడలేదు, నిజమే. కానీ ఇదే కాలంలో గోదావరి కాలువల మీద పడవలు రైలు వచ్చిన తర్వాతా దశాబ్దాల పాటు ధాన్యం మోశాయి. తేడా రైలు కాదు. ఏడాదిలో ఎన్ని నెలలు నమ్మకంగా నీరు ఉంటుందన్నదే తేడా. నీరు ఎప్పుడు ఆగుతుందో తెలియని కాలువలో సరుకు పెట్టే వర్తకుడు ఉండడు.

పుట్టి ఏరు దాటించేది, కాలువ పడవ జిల్లాలు దాటించేది, రెండింటినీ ఒకే తూకంలో పెట్టడం న్యాయమా అని మూడో ప్రశ్న రావచ్చు. మోసే బరువులో వాటికి పోలిక లేదు, ఒప్పుకోవాలి. పుట్టి నూరు బస్తాలు మోయదు. పొంగే కృష్ణలో పుట్టి ఎక్కడం ఈనాటికీ ప్రాణాపాయమే, అందుకే దాన్ని మెచ్చుకుంటూ రొమాంటిక్‌గా రాయడం నాకు ఇష్టం లేదు. నేను పోల్చేది బరువును కాదు, లోపం బయటపడే తీరును. పుట్టికి చిల్లు పడితే ఆ రోజే, ఆ మనిషికే తెలుస్తుంది, బాగు చేసే మేదరి, మాదిగ ఆ ఊళ్లోనే ఉంటారు. కాలువకు చిల్లు పడితే నీళ్లు మొదట కంపెనీ లెక్కల్లోకి ఇంకిపోతాయి, లెక్కలు లండన్ పోతాయి, లండన్ నుంచి వడ్డీ అడుగుతూ ఉత్తరం వస్తుంది. పనితనాన్ని కొలిచేటప్పుడు మన చరిత్ర పుస్తకాలు ఇంజనీర్ల పేర్లు గుర్తుపెట్టుకుంటాయి, ఆ మేదరి, మాదిగ పేర్లు ఒక్కటీ ఇవ్వవు. నాకు ఇది బాధ కలిగిస్తుంది. రెండు జిల్లాలకూ మాన్యువల్స్ ఉన్నాయి. కడపకు గ్రిబుల్ 1875లో, కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి 1886లో రాసినవి ఇప్పటికీ విలువైనవే. వాటిలోనూ కాలువకు ఉన్న చోటు పుట్టి చేసిన చేతులకు లేదు.

1882లో ప్రభుత్వం ఆ కాలువను కంపెనీ నుంచి కొనేసింది. సెకండ్‌హ్యాండ్ కొనుగోలుగా చూస్తే దాని వింత అర్థమవుతుంది. మామూలు బేరంలో కొనేవాడు అడుగు బాగా లేకపోతే వదిలేసి పోవచ్చు. ఇక్కడ కొనేవాడు ఇప్పటికే హామీదారు, ఇప్పటికే అప్పు ఇచ్చినవాడు. కొనకపోయినా వడ్డీ కట్టాలి. బోర్లా వేసి చూసినా, చూడకపోయినా తేడా లేదు. కాటన్ ప్రోత్సాహంతోనే ఒరిస్సాలో మొదలైన ఇలాంటి కంపెనీ కాలువలను 1868 నాటికే ప్రభుత్వం తీసుకుంది. ఆ అనుభవం ముందుండగానే తుంగభద్ర దగ్గర అదే కథ నడిచింది. నష్టం ఒక కంపెనీతో ఆగలేదు. 1878లో భారత ప్రజాపనుల మీద లండన్‌లో కూర్చున్న పార్లమెంటు కమిటీ ముందు కాటన్ తన కాలువలను సమర్థించుకున్నాడు. కర్నూలు-కడప కాలువ లెక్కలు మాత్రం ఆయనకు ఎదురు సాక్ష్యం చెప్పాయి. 1901-03 సేద్య కమిషన్ దాన్ని నష్టపు పనిగానే చూసింది. తుంగభద్రకు పెద్ద ఆనకట్ట ఆలోచన 1860 నుంచీ ఉన్నా, 1901 ప్రాంతంలో మెకంజీ పథకంగా మళ్లీ లేచినా, పని మొదలయ్యేసరికి 1945 వచ్చింది. 1953 దాకా పూర్తి కాలేదు. ఆ ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి, మద్రాసు, హైదరాబాదు, మైసూరుల మధ్య నీళ్ల తగవు వాటిలో పెద్దది. కానీ రాయలసీమకు పెద్ద కాలువ లాభం ఇవ్వదన్న నమ్మకాన్ని కట్టింది మాత్రం పరీక్ష లేకుండా తవ్విన ఈ కాలువే. ఒక చెడ్డ పడవ చూసి నది దాటనని కూర్చోవడం వంటి నిర్ణయం అది, దాని బరువు మోసింది కర్నూలు, కడప రైతులు.

1933లో కాలువను సేద్యానికే మార్చారు, పడవల దారిగా దాని బతుకు ముగిసింది. ఆ తర్వాత అడుగు చూసే పని మెల్లగా మొదలైంది. కృష్ణా జలాల వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు 39.9 టి.ఎం.సి. కేటాయించింది. 2,65,000 ఎకరాల ఆయకట్టు చివరి ఊళ్లకు నీళ్లు చేరకపోవడానికి ఊట ఒక కారణమని గుర్తించి, 1990ల నుంచి జపాన్ రుణంతో లైనింగు, తూముల మరమ్మతులు సాగాయి. 1860లలో అడగాల్సిన ప్రశ్నకు నూట ముప్పై ఏళ్ల తర్వాత సిమెంటు జవాబు అది. సుంకేసుల దగ్గర కాటన్ కాలపు ఆనకట్ట స్థానంలో బ్యారేజీ లేచింది, 2009 అక్టోబరు వరదకు అదీ దెబ్బతింది. శ్రీశైలం వెనుక జలాల్లో మాత్రం పుట్టి పోలేదు. నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే నెలల్లోనూ, నిండి మునిగిపోయే నెలల్లోనూ చేపల వలలు వేసేది పుట్టిల మీదినుంచే. 2021లో వచ్చిన దేశీయ జలరవాణా చట్టం 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి, ఇంజను లేని పడవలను కూడా లెక్కలోకి తెచ్చింది. వాటి నమోదును స్థానిక సంస్థలకు అప్పగించింది. అంటే ఒక పంచాయతీ కార్యదర్శి ఏదో ఒక రోజు కృష్ణ ఒడ్డున పుట్టిని చూసి అది నీటికి తగినదో కాదో రాయాల్సి ఉంటుంది. ఆ పరీక్షకు నియమాలు రాసేవారు ముందు అడగాల్సింది ఆ రేవులోని బెస్తలను. ఏ వైపు ఎత్తి చూడాలో, ఎక్కడ నొక్కాలో వాళ్లకు తెలుసు.